సర్ చార్లెస్ వీట్‌స్టన్ జీవితము

మన పాఠశాలయందు పైతరగతులలో భౌతికశాస్త్రము నభ్యసించు బాలబాలికలలో వీట్‌స్టన్ బ్రిడ్జి యను పేరు విననివారుండరు. నాలుగు నిరోధములను చతురస్రముగ కూర్చి, నడుమ గాల్వనామీటరు నుంచి, దాని సూచి సున్నయొద్ద నిలుచునట్లు సరిచేసి, తెలియని నిరోధమును లెక్కకట్టు పద్ధతి యది. దానిని గూర్చి పరీక్షలో వ్రాసి మార్కులు పొందినవారు మనలో పెక్కురు కలరు. కాని యా బ్రిడ్జిని మొదట కనుగొన్నవాడు వీట్‌స్టన్ కాడనియు, ఆయన తన స్వబుద్ధిచే నిర్మించిన వానిలో నొకటి రెండు చేతులలో నిముడు చిన్న సంగీతవాద్యమనియు నెరిగినవారు మిక్కిలి యరుదు. పేరు ఒకచోట, పని వేరొకచోట నుండుట లోకమున తరచుగ జరుగుచుండును. అట్టి సందర్భములలో సత్పురుషుడు ఎట్లు ప్రవర్తింపవలయునో ఈయన చరిత్రమువలన కొంత తెలిసికొనవచ్చును. ఒకచో నీయన ప్రవర్తన మనకు ఆదర్శమైనది, వేరొకచో హెచ్చరికయైనది. రెంటిని గూడ దాచక చెప్పుటయే మా యుద్దేశము.

చార్లెస్ వీట్‌స్టన్ 1802వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన ఇంగ్లండుదేశమున గ్లాస్టర్ పట్టణమునకు సమీపమునందలి బార్న్‌వుడ్ గ్రామమున జన్మించెను. తండ్రి సంగీతసామగ్రి విక్రయించువాడు. 1806లో కుటుంబము లండను నగరమునకు తరలివచ్చెను. అచ్చట తండ్రి ఫ్లూటువాద్యమును నేర్పుచు జీవనము సాగించెను. కావున బాలుడైన చార్లెస్ చెవిని బడిన మొదటి ధ్వనులలో వాద్యధ్వనులు తప్పక యుండెనని చెప్పవచ్చును.

ఈ బాలుడు మితిమీరిన బిడియము గలవాడు. నలుగురిలో నోరు విప్పుట ఆతనికి ప్రాణసంకటముగ నుండెడిది. పాఠశాలలో ఫ్రెంచి భాషయందు ప్రథముడై స్వర్ణపతకమునకు అర్హుడయ్యెననియు, బహుమతిప్రదానమునాడు సభలో ఫ్రెంచిప్రసంగమును అప్పగింపవలసి వచ్చినపుడు ఎంత బుజ్జగించినను, ఎంత బెదరించినను ఒప్పుకొనక, తుదకు పతకమునే పోగొట్టుకొనెననియు ఆయన జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. మా తరగతులలోను ఇట్టి పిల్లలు ఏటేట నొకరిద్దరైనను కానవచ్చుచుందురు. పాఠము తెలిసియుండియు పిలిచినపుడు లేచి చెప్పలేక తలవంచుకొని నిలుచుండు నా బిడ్డలను మందబుద్ధులని యెంచుట ఉపాధ్యాయులమైన మాకు గాని, తలిదండ్రులకు గాని తగదని ఈ కథ మనకు బోధించుచున్నది.

మాటలాడనేరని యా బాలుడు పుస్తకములతో స్నేహము చేసెను. ఒకనాడు పాతపుస్తకముల యంగడిలో ఓల్టా యను ఇటలీ శాస్త్రజ్ఞుని విద్యుత్పరిశోధనలను వివరించు ఫ్రెంచి గ్రంథమొకటి చూచి, తన చేతిఖర్చు కాసులు కూడబెట్టి దానిని కొనెనట. అర్థముకాని పదములకై నిఘంటువును సంపాదించెను. పిమ్మట తమ్మునితో కూడి ఇంటి వెనుకటి చిన్నగదిలో విద్యుద్ఘటమును నిర్మింప మొదలిడెను. రాగిరేకులు కొనుటకు సొమ్ము చాలలేదు. అప్పుడు చేతనున్న రాగి పెన్నీ నాణెములే రాగిబిళ్లలు గదాయని తోచి, రేకులు కొనుటకై దాచిన యా నాణెములనే ఘటములో పేర్చెనని చెప్పుదురు. లేనిదానికై విలపింపక, ఉన్నదానినే మరియొక దృష్టితో చూచు బుద్ధి ఈయనకు ఆనాటినుండియే యుండెను.

పదునాలుగేండ్ల ప్రాయమున ఈయనను లండనులో స్ట్రాండ్ వీథియందు వాద్యములు చేయించి యమ్ముచుండిన పినతండ్రియొద్ద పనికి కుదిర్చిరి. అంగడిలో బేరములాడుట ఆయనకు రుచింపలేదు. ధ్వని యెట్లు పుట్టును, ఎట్లు పయనించును అను ప్రశ్నలే ఆయన మనస్సు నాకర్షించెను. 1821లో ఈయన లండనునందు ఒక వింతను ప్రదర్శించెను. గది పైకప్పునుండి సన్నని తీగతో వ్రేలాడదీసిన వీణవంటి వాద్యము, ఎవరును తాకకయే మధురముగ మ్రోగుచుండెను. దానికి మంత్రవీణ యని పేరు పెట్టిరి. నిజమునకు పైగదిలో వేరొకరు వాద్యమును వాయించుచుండగా, ఆ కంపనములు తీగవెంట దిగివచ్చి క్రింది వాద్యమును పలికించుచుండెను. ధ్వని గాలిలోనేగాక ఘనపదార్థములందును చక్కగ పయనించునని ఇందువలన జనులు కన్నులార చూచి, చెవులార వినిరి. 1823లో పినతండ్రి మరణింపగా అన్నదమ్ములిరువురు ఆ వ్యాపారమును చేపట్టిరి. ఆ సంవత్సరమే చార్లెస్ ధ్వనిని గూర్చిన తన మొదటి శాస్త్రవ్యాసమును ప్రకటించెను.

ఇక నీయన నిర్మించిన వాద్యమును గూర్చి చెప్పవలెనన్న, మనకు పరిచితమైన హార్మోనియముతో నారంభించుట మేలు. ఒకమారు మా హార్మోనియమును బాగుచేయ వచ్చిన పనివాడు దాని పలకను విప్పినపుడు పిల్లలు గుమిగూడి చూచిరి. లోపల ఇత్తడిపట్టెలు వరుసగ నుండెను. ఒక్కొక్క పట్టెకు సన్నని చీలిక. ఆ చీలికపై ఒక కొన మాత్రమే బిగింపబడిన పలుచని ఇత్తడి నాలుక. దీనినే రీడు అందురు. తిత్తినుండి గాలి వచ్చినపుడు ఈ నాలుక చీలిక యంచులకు తగులక దానిలో క్రిందికి మీదికి నాడుచు స్వరమును పుట్టించును. నాలుక పొడవైనను బరువైనను స్వరము మంద్రమగును. పొట్టిదైనను బిరుసైనను తారమగును. స్వరము తగ్గియున్న యెడల నాలుక మొనయొద్ద కొంచెము ఆకురాయితో రాచి తేలికచేయుదురు; హెచ్చియున్న యెడల మొదటియొద్ద రాచి పలుచన చేయుదురు. ఇట్టి స్వేచ్ఛగా నాడు నాలుక ఐరోపావారి సృష్టి కాదు. చీనాదేశపు షెంగ్ అను వాద్యమున నిది బహు ప్రాచీనకాలము నుండియు కలదు. వీట్‌స్టన్ ఆ వాద్యమును శ్రద్ధతో పరిశీలించినవాడే.

1829వ సంవత్సరము ఈ వాద్యముల చరిత్రలో ముఖ్యమైనది. ఆ యేట మే నెలలో వియన్నా నగరమున సిరిల్ డెమియాన్ అను వాద్యకారుడు అకార్డియన్ అను పేరుతో పేటెంటు పొందెను. జూన్ నెలలో లండనునందు వీట్‌స్టన్ తన పేటెంటు పొందెను. ఇరువురును నాలుకలనే వాడిరి. ఇరువురును వ్రేళ్లతో నొక్కు మీటలనే యమర్చిరి. కాని వారి యాలోచనలు భిన్నములు. డెమియాన్ వాద్యమున ఒక మీట నొక్కినచో ఒక్క స్వరము గాక, కొన్ని స్వరములు కలిసిన మేళనమంతయు నొకేసారి పలుకును. తిత్తిని లాగినపుడు ఒక మేళనము, నొక్కినపుడు వేరొక మేళనము వచ్చును. నేర్పులేనివాడు సయితము దానితో పాటకు వంతపాడవచ్చును; కాని చేసినవాడు కూర్చియిచ్చిన మేళనమును దాటి పోలేడు. వీట్‌స్టన్ ప్రతి మీటకు ఒక్కొక్క స్వరమునే యిచ్చెను. మేళనము కావలసినచో వాయించువాడే తన వ్రేళ్లతో దానిని కూర్చుకొనవలెను. శ్రమ యధికము, స్వాతంత్ర్యమును అధికమే.

ఆయన మొదట చేసినది నోటితో నూదు సింఫోనియమ్ అను చిన్న లోహపు పెట్టె. దానికి ఇరుప్రక్కల మీటలుండెను. కొలది సంవత్సరములలోనే ఆ మీటల యమరికను తిత్తిగల వాద్యమునకు మార్చెను. ఇదియే ఇంగ్లీషు కాన్సర్టీనా. ఇది సాధారణముగ ఆరు పలకల ఆకారము గలది. మడతల తిత్తి నడుమ నుండును. రెండు కొనలయందు రెండు చెక్కలు, వానిపై ఇరువదినాలుగేసి చొప్పున నలువదియెనిమిది మీటలు. బొటనవ్రేలు తోలుపట్టీలో దూర్చి, చిటికెనవ్రేలును లోహపు ఆనికపై నుంచి, మిగిలిన వ్రేళ్లతో వాయింపవలెను. ప్రతిచెక్కపైని నాలుగు వరుసలలో నడిమి రెండును మన హార్మోనియపు తెల్లమెట్ల స్వరములను, వెలుపలి రెండును నల్లమెట్ల స్వరములను పలుకును. ఇందలి ముఖ్యవిశేష మేమనగా, స్వరశ్రేణి రెండుచేతుల మధ్య వంతులవారీగ పంచబడినది. ఒక స్వర మొకచేత, తరువాతి స్వరము రెండవచేత వచ్చును. స్వరలిపిలో గీతలపై వ్రాయబడు స్వరములన్నియు ఒకచేతికిని, గీతల నడుమ వ్రాయబడునవి రెండవచేతికిని దొరకును. అందుచే వేగముగల పాటను సయితము చేతులు వంతులవారీగ సులభముగ పలికింపగలవు.

మరియొక సూక్ష్మము కలదు. హార్మోనియమున డి షార్పు, ఇ ఫ్లాటు అను రెండు స్వరములకు ఒకే నల్లమెట్టు. జి షార్పునకును ఎ ఫ్లాటునకును అట్లే. కాన్సర్టీనాలో వీనికి వేర్వేరు మీటలుండెను. అందుచే ఒక స్థాయిలో పండ్రెండు మీటలకు మారుగ పదునాలుగు మీటలు గలవు. ఆనాటి శ్రుతిపద్ధతిలో ఆ స్వరముల మధ్య స్వల్పభేద ముండుటయే దీనికి కారణము. ధ్వనిశాస్త్రజ్ఞుని చెవి వాద్యకారుని చేతితో కలిసినచో పని యెంత నిశితముగ నుండునో దీనివలన తెలియును.

నాలుకల నిర్మాణమందును భేదము కలదు. తిత్తిని లాగునపుడును నొక్కునపుడును గాలి యెదురుదిక్కుల పోవును. ఒక నాలుక ఒక దిక్కుననే పలుకును. కావున కాన్సర్టీనాలో ప్రతి మీటకు రెండు నాలుకలు కావలెను. వీట్‌స్టన్ ఆ రెంటికి నొకే శ్రుతి కూర్చెను. కావున ఎటు లాగినను స్వరము మారదు. ఒక్కొక్క నాలుకను ప్రత్యేకముగ నొక ఇత్తడిచట్రమున బిగించి, ఆ చట్రమును చెక్కలో చెక్కిన గాడిలోనికి జొనిపి, ప్రతిదానికి వేరువేరు చిన్నయరలు కల్పింతురు. ఎదురుగాలి వృథాగా పోకుండ పలుచని తోలుముక్కలు అడ్డుండును. మొదట నాలుకలు ఇత్తడివి. తరువాత ఉక్కువి వాడుకలోనికి వచ్చెను. అకార్డియన్‌లోనన్ననో, ఒకే లోహపుపలక కిరుప్రక్కల రెండు నాలుకలు బిగించి, అట్టి పలకలను కొయ్యదిమ్మెలపై మైనముతో నతికించుట వాడుక. మంద్రస్వరముల నాలుకలకు మొనయందు బరువు చేర్చి వాని కదలికను మందగింపజేయుదురు.

ఈ వాద్యము ఇంగ్లండున మిక్కిలి వ్యాపించెను. జూలియో రెగోండి యను ప్రసిద్ధ వాద్యవిద్వాంసుడు దీనిని సభలలో వాయించి పేరుపొందెను. తరువాతికాలమున రక్షణసైన్యమువారు వీథిసభలలో కాన్సర్టీనాను వాడిరి. సభలో నోరు విప్పలేనివాడు చేసిన వాద్యము వీథివీథిని పలికినదన్నమాట.

1834లో వీట్‌స్టన్ లండను కింగ్స్ కాలేజీలో ప్రయోగాత్మక భౌతికశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. కాని పూర్వపు బిడియము వదలలేదు. ఆయన యిచ్చిన ఉపన్యాసములు బహు కొద్ది. ఆయన ధ్వనిపరిశోధనలను రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభలలో ఆయనకు మారుగ మైఖేల్ ఫారడే మహాశయుడు పలుమారులు వివరించెను. ఫారడే అంతటివాడు మిత్రుని పరిశోధనలను మిత్రుని పేరుతోనే సభకు నివేదించుట గమనింపదగిన విషయము. ఆ దినములలోనే వీట్‌స్టన్ వేగముగ తిరుగు అద్దము సహాయమున తీగలో విద్యుత్తు పోవు వేగమును కొలువ ప్రయత్నించెను. ఆయనకు వచ్చిన సంఖ్య సరియైనది కాదు; కాని ఆ తిరుగుటద్దపు ఉపాయము తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞులకు వెలుతురు వేగమును కొలుచుటకు మార్గము చూపెను. 1838లో స్టీరియోస్కోపును గూర్చి రాయల్ సొసైటీకి వివరించి, రెండుకన్నులు చూచు రెండు వేర్వేరు చిత్రములు కలిసియే మనకు లోతు గోచరించునని నిరూపించెను.

1837లో విలియం ఫాథర్‌గిల్ కుక్ అను నాయనతో కలిసి ఈయన విద్యుత్తంతికి పేటెంటు పొందెను. ఆ సంవత్సరము జూలై 25వ తేదీన లండనులో యూస్టన్, కామ్డెన్ టౌన్ అను రైలుస్థలముల నడుమ వార్తలు పంపి పరీక్షించిరి. ఐదు సూచులలో రెండేసి వంగి చూపు అక్షరమే వార్తలోని యక్షరము. రహస్యసంకేతములు కంఠస్థము చేయవలసిన పనిలేదు. 1839లో పాడింగ్టన్ నుండి వెస్ట్ డ్రేటన్ వరకు పదుమూడు మైళ్లు రైలుమార్గము వెంట తంతి పనిచేసెను.

కాని కీర్తి వచ్చినపుడు కలహమును వచ్చెను. తంతిని కనిపెట్టినవాడు నేనన్న నేనని ఇరువురును వాదించుకొనిరి. 1841లో సర్ మార్క్ బ్రూనెల్, ఆచార్య డానియెల్ అను నిరువురు పెద్దలు మధ్యవర్తులై, తంతిని ఆచరణలోనికి తెచ్చిన ఘనత కుక్‌దనియు, పరిశోధనలచే దానికి దారి తీర్చిన ఘనత వీట్‌స్టన్‌దనియు, ఇరువురి కృషియు కలిసియే ఫలితము కలిగెననియు తీర్పు చెప్పిరి. ఇరువురును దాని కొప్పుకొనిరి. అయినను సంవత్సరములు గడచిన పిదప ఆ వివాదము మరల తలయెత్తి, పుస్తకములు వ్రాసి పోట్లాడుకొనువరకు వచ్చెను. రెండుచేతులు కలిసినగాని పలుకని వాద్యమును చేసినవాడు, తన పనిలో రెండవచేతిని మనఃపూర్వకముగ గుర్తింపజాలకపోయెనే యని మాకు విచారము కలుగుచున్నది.

ఇంతటివాడే మరియొకచో నెంత న్యాయముగ ప్రవర్తించెనో చూడుడు. నిరోధములను కొలుచు ఆ నాలుగుచేతుల వలయమును 1833లోనే శామ్యూల్ హంటర్ క్రిస్టీ అను గణితాచార్యుడు వర్ణించియుండెను. ఎవరును దానిని పట్టించుకొనలేదు. 1843లో వీట్‌స్టన్ రాయల్ సొసైటీవారి యెదుట తన విద్యుత్కొలతలను వివరించుచు దాని యుపయోగమును లోకమునకు తెలిపి, ఇది క్రిస్టీ కనిపెట్టినదేయని స్పష్టముగ నొప్పుకొనెను. లోకము మాత్రము ఆ యొప్పుకోలును మరచి, చెప్పినవాని పేరే దానికి పెట్టెను. అందులో ఆయన దోషము లేదు. ఇట్లే 1854లో ఆయన కల్పించిన రహస్యలిపి యొకటి, దానిని ప్రభుత్వమువారికి సిఫారసు చేసిన మిత్రుడు ప్లేఫెయిర్ ప్రభువు పేరున నేటికిని పిలువబడుచున్నది. పరుల సొమ్ము తన పేరున చేరెను. తన సొమ్ము పరుల పేరున పోయెను.

1847లో ఈయన ఎమ్మా వెస్ట్ అను నామెను వివాహమాడెను. వారికి ఐదుగురు బిడ్డలు కలిగిరి. 1858లో ఈయన నిర్మించిన అక్షరతంతిలో, గుండ్రని పలకపై అక్షరములు, ప్రతి యక్షరముప్రక్క నొక మీట యుండెను. కావలసిన యక్షరపు మీటను నొక్కినచో దూరమున నున్న పలకపై ముల్లు ఆ యక్షరమునే చూపును. ఒక మీటకు ఒక స్వరమని యౌవనమున కాన్సర్టీనాలో నమర్చినవాడే, ఒక మీటకు ఒక అక్షరమని నడివయస్సున తంతిలో నమర్చెను. సామాన్యుడు సయితము తన మనస్సులోని దానిని తన వ్రేళ్లతో తానే పలుకవలెననుట రెంటియందును ఒకటే కోరిక. 1868లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము నిచ్చెను. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీవారు కోప్లీ పతకము నిచ్చిరి. చిన్ననాడు పోగొట్టుకొన్న పతకమునకు మారుగ పెద్దనాడు ఎన్నియో పతకములు లభించెను. 1875 అక్టోబరు 19వ తేదీన, పనిమీద పారిస్ వెళ్లియుండగా, శ్వాసకోశవ్యాధిచే పరమపదించెను. ఆయన శరీరము లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో నుంచబడెను.

మేళనమా, విడిస్వరమా యను 1829నాటి ప్రశ్న ఆయనతో ముగియలేదు. పెద్ద అకార్డియన్లలో ఎడమచేతికి సాధారణముగ నూటయిరువది మీటలు. ఆరు వరుసలలో రెండు మాత్రమే విడి మంద్రస్వరములు, తక్కిన నాలుగును సిద్ధమేళనములు. ఇటలీలోని ఊరి పేరున దీనిని స్ట్రాడెల్లా అమరిక యందురు. ఎడమచేతికిని పూర్తి స్వేచ్ఛ కావలెనని కోరినవారు ఫ్రీబాస్ అను రకమును నిర్మించిరి. ఇందు ప్రతి మీటకు ఒకే స్వరము, పెక్కు స్థాయిల వరకు దొరకును. కొన్నింటిలో స్వరములు అర్ధస్వరక్రమమున ఏటవాలుగ పేర్చబడును. మరికొన్నింటిలో స్ట్రాడెల్లా వరుసలే స్థాయిలు మారుచు మరల వచ్చును. రష్యాదేశపు పెద్ద బయాన్ వాద్యములలో పెక్కు నాలుకలను ఒకే పొడవాటి పలకకు బిగించి, మైనమునకు మారుగ తోలుపై నానించి నిలుపుదురు. అమరికలు వేరైనను, ఒక మీటకు ఒక స్వరమను సూత్రము వీట్‌స్టన్ కాన్సర్టీనాలో చూచినదే.

విద్యార్థులారా, ఈ మహనీయుని జీవితమునుండి మేము మీకు చెప్పదలచినది రెండుమాటలు. మీలో బిడియము గలవారు నిరాశపడవలదు. నోటితో చెప్పలేనిది చేతితో చెప్పవచ్చును. రెండవది, తోటివాని లెక్కను చూచి వ్రాసికొన్నపుడు గాని, అన్నగారి నోటుపుస్తకమునుండి వ్యాసము తీసికొన్నపుడు గాని, ఇది ఫలానివారిదని చెప్పుటకు సిగ్గుపడవలదు. వీట్‌స్టన్ క్రిస్టీ పేరు చెప్పిన దినమున ఆయన గొప్పతనము తరుగలేదు. కుక్‌తో కీర్తికై పెనుగులాడిన దినములలో పెరుగనులేదు. ఇకమీద ప్రయోగశాలలో ఆ బ్రిడ్జిని కూర్చునపుడు, గాల్వనామీటరు సూచి సున్నయొద్ద నిలిచిన వెంటనే, క్రిస్టీ యను ఆ మరుగుపడిన పేరునుగూడ ఒక్కమారు తలచుకొనుడు.